షిఫ్టుల లెక్కకు గూగుల్ క్యాలెండరా, షిఫ్టు యాపా?

రెండేసి రోజులు ఏ, బీ, సీ (ఉదయం, మధ్యాహ్నం, రాత్రి) షిఫ్టులు, ఆపై రెండు రోజులు సెలవు అనే ఎనిమిది రోజుల చక్రం వారంతో కలిసి నడవదు కనుక, గూగుల్ క్యాలెండర్‌లో ‘ప్రతి వారం’ అనే ఎంపిక ఇక్కడ పనికిరాదు. ‘ప్రతి 8 రోజులకు’ అని మార్చి, పని ఉన్న ఆరు రోజులనూ విడివిడిగా నమోదు చేసుకోవాలి. ఆ తరువాత చక్రం తానే తిరుగుతుంది. చిక్కంతా సహోద్యోగితో డ్యూటీ మార్చుకున్నప్పుడే వస్తుంది: సవరణ ఆ ఒక్క రోజుకే పరిమితమని చెప్పకపోతే రాబోయే నెలలన్నీ తారుమారవుతాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఉండే సీ షిఫ్టు డ్యూటీ రెండు తేదీల్లోనూ కనబడుతుంది. సెలవు రోజు తెల్లవారుజామున కూడా పని ఉన్నట్టు చూపడం తికమక పెట్టినా, నిజానికి అదే సరైన లెక్క.

షిఫ్టుల కోసమే తయారైన యాప్‌లలో సాధారణంగా చక్రాన్ని ఒక్కసారి చెప్పి, మొదలయ్యే తేదీ ఇస్తే నెలంతా రంగులతో నిండిపోతుంది. చాలావాటిలో పనిగంటల మొత్తం కూడా తెలుస్తుంది. అయితే ఇంట్లోవారు చూడాలంటే వారి ఫోన్లోనూ అదే యాప్ ఉండాల్సి రావచ్చు. బ్యాకప్ లేకుండా ఫోను పోతే నమోదులూ పోతాయి. ఓవర్‌టైమ్ లెక్కే ముఖ్యమైనవారికి యాప్ మేలు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ, పిల్లలను బడి నుంచి ఎవరు తీసుకురావాలో రోజూ తేల్చుకోవలసిన ఇంట్లో మాత్రం, ఇద్దరూ పంచుకోగలిగే గూగుల్ క్యాలెండరే నయం.