బత్తాయి తోటల నుంచి కృష్ణ ఒడ్డు దాకా: కొన్నేళ్లు వాడాక నా టూరింగ్ సైకిల్ గురించి

ఈ సైకిల్ చూసినవాళ్లు మొదట అడిగేది బరువు గురించే. క్యారియర్, మడ్‌గార్డులు, స్టాండు కలిపి 16 కిలోలు దాటుతుంది. వెనక రెండు సంచులు నింపి తగిలిస్తే పాతిక కిలోలు. అయినా సరే, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు తీరుబడిగా తిరగడానికి ఇంతకన్నా తేలికైన బండి వద్దనే అంటాను. వేగం కావాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. సామానుతో గంటకు 13, 14 కిలోమీటర్లకు మించి నేను తొక్కను. రోజుకు 50, 60 కిలోమీటర్లు అయ్యాయంటే ఎక్కడో ఓ చోట దిగిపోతాను.

వివరాలు చెప్పేస్తాను. స్టీల్ ఫ్రేమ్, 700 బై 40 టైర్లు (అంటే 40 మిల్లీమీటర్ల వెడల్పు), తిన్నని హ్యాండిల్, మామూలు వి-బ్రేకులు. ముందు పళ్ల చక్రాలు మూడు (48, 38, 28 పళ్లవి), వెనక ఎనిమిది (11 పళ్ల నుంచి 34 దాకా). అన్నిటికన్నా చిన్న గేరులో, అంటే ముందు 28, వెనక 34 మీద, పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం పూర్తిగా ఒక చుట్టు కూడా తిరగదు. బండి కదిలేది సుమారు 1.8 మీటర్లు. నడిచేవాడు కూడా దాటిపోతాడు. కానీ దేవరకొండ నుంచి చందంపేట, నేరేడుగొమ్ము మీదుగా నాగార్జునసాగర్ వెనక జలాల వైపు పోయే గుట్టల దారిలో సామానుతో దిగకుండా ఎక్కించేది ఆ గేరే. పెద్ద పళ్ల చక్రం, 48ది, నేను వాడిన సందర్భాలు చాలా తక్కువ. మళ్లీ కొంటే దాన్ని తీయించేసి రెండే ఉంచుకుంటాను.

టూరింగ్ సైకిళ్ల మీద దొరికే సలహాలు చాలావరకు యూరప్ నుంచి వచ్చినవే. ఫ్రాన్స్‌లో గారోన్, దోర్దోన్ నదులు కలిసి జిరోండ్ అనే వెడల్పాటి నదీముఖమై అట్లాంటిక్‌లో పడతాయి. ఆ ఒడ్డున మెదోక్ ద్రాక్షతోటలు. అలాంటి చోట నాలుగు సంచులు, టెంటు, స్టవ్వు పెట్టుకుని వారాలు తిరుగుతారట. మన తెలంగాణకు సముద్రం లేదు గానీ నదులు కలిసే చోట్లకు కొదవ లేదు. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. ఆ పైన తంగిడి దగ్గర భీమ, ఆలంపురం దాటాక తుంగభద్ర. ద్రాక్షకు బదులు బత్తాయి, నిమ్మ, కొల్లాపూర్ చుట్టూ మామిడి. దారి అందంలో తేడా పెద్దగా లేదు, సామాను లెక్కలోనే తేడా అంతా. టెంటు, స్టవ్వు మనకు దండగ. ఎంత చిన్న మండల కేంద్రంలోనైనా టిఫిన్ సెంటర్ ఉంటుంది, ఇడ్లీ అయిపోతే బోండా ఉంటుంది. కావలసింది నీళ్లకు చోటు.

నీళ్ల గురించి ఇంకాస్త చెప్పాలి. నల్గొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించేందుకు నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరుంది. జిల్లాకు దక్కిన ఖ్యాతి అలాంటిది మరి! ఒక పూట తాగితే ఏమీ కాదు గానీ, నేను చేతిపంపు, బోరు నీళ్లు సీసాలో పట్టను. మిషన్ భగీరథ నల్లా గానీ వాటర్ ప్లాంటు గానీ కనిపిస్తే నింపుకుంటాను. అందుకే ఫ్రేమ్‌కు మూడు సీసాల హోల్డర్లు బిగించే తావు ఉండటం నాకు ఈ సైకిల్‌లో అన్నిటికన్నా విలువైన సౌకర్యం. మార్చి దాటాక అవీ చాలవు. అసలు ఏప్రిల్, మే నెలల్లో ఈ వైపు తొక్కాలని చూడకండి.

ఇక టైర్లు. మన దారుల్లో మేకులకన్నా పల్లేరు కాయలు ప్రమాదం. కాలువ గట్టు మీద, చెలకల పక్క బాటల్లో వానాకాలం పోయాక ఎండి పడి ఉంటాయి. ఎటు పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. సైకిల్‌తో వచ్చిన పల్చటి టైర్లతో ఒక్కో పూట రెండు మూడు పంచర్లు అయ్యేవి. తర్వాత లోపల రక్షణ పొర ఉన్న ష్వాల్బే మారథాన్ టైర్లు వేయించాను. పల్లేరు కాయల బెడద చాలావరకు పోయింది. సర్కారు తుమ్మ ముల్లు మాత్రం ఆ పొరను కూడా దాటుకుని దిగుతుంది. కంప కొట్టి రోడ్డు పక్కన వేసిన చోట దిగి నడిపించుకుపోవడమే. గాలి వెనక 55, ముందు 45 పీఎస్‌ఐ ఉంచుతాను. అంతకన్నా గట్టిగా కొడితే మొరం బాట మీద చేతులు అదిరిపోతాయి.

కొనేవాళ్లు తప్పకుండా చూసుకోవలసింది రిమ్‌కు ఉన్న వాల్వ్ రంధ్రం. మోటార్‌సైకిల్ వాల్వ్ పట్టే పెద్ద రంధ్రమే ఉండాలి. అప్పుడు ఏ పంచర్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. ట్యూబులు అయిపోతే, ఊళ్లో దొరికే పాత 28 ఇంచుల సైకిల్ ట్యూబు కూడా అవసరానికి ఇందులో పడుతుంది. సన్న వాల్వ్ రిమ్ అయితే ఈ రెండూ కుదరవు.

బండి నన్ను బాగా విసిగించింది వెనక చక్రం విషయంలో. కంపెనీ ఇచ్చిన 32 పుల్లల (స్పోకుల) చక్రానికి, సంచులు తగిలించి తిరగడం మొదలుపెట్టాక ఒకటొకటిగా పుల్లలు తెగడం మొదలైంది. అమ్మిన దుకాణంవాళ్లు "లోడు వేస్తే వారంటీ రాదు సార్" అన్నారు. టూరింగ్ సైకిల్ అని రాసి, క్యారియర్ బిగించి అమ్మినవాళ్లే! చివరికి మిర్యాలగూడలో, పాత సైకిళ్లు, రిక్షాలు బాగుచేసిన చాచా దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చక్రం తిప్పి చూసి నవ్వాడు. "సారూ, ఎన్కట వడ్ల బస్తా మోసిన బండ్లకు ముందట 32, ఎనక 40 పుల్లలుండేవి. బరువంతా ఎనకనే కదా పడేది. వీళ్లు రెండిటికీ ఒక్కటే లెక్క పెట్టిండ్రు" అన్నాడు. 36 రంధ్రాల రిమ్, హబ్ హైదరాబాద్ నుంచి తెప్పిస్తే, చక్రం అల్లి, బిగువు సరిచూసి ఇచ్చాడు. అప్పటి నుంచి ఒక్క పుల్ల తెగలేదు. కొత్తగా కొనేవాళ్లు ఆ డబ్బు ముందే లెక్కలో వేసుకోండి.

వానాకాలంలో ఈ సైకిల్ రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. మహబూబ్‌నగర్ వైపు ఎర్ర చెలకల్లో వాన వెలిసిన గంటకు బాట గట్టిపడుతుంది, హాయిగా పోవచ్చు. చండూరు, మునుగోడు దిక్కు పత్తి చేన్ల మధ్య నల్లరేగడి బాటలో మాత్రం మట్టి టైరుకు పట్టి, మడ్‌గార్డు కింద గడ్డకట్టి, చక్రం అసలు తిరగదు. పుల్లతో గీకుతూ కూర్చోవాలి. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉన్నా చాలలేదు. రేగడి మీద వాన పడితే తారు రోడ్డు పట్టుకోండి, చుట్టు తిరుగుడైనా పర్లేదు. ఆ తారు రోడ్ల మీద కూడా కోతల కాలంలో సగం వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంచుతారు. పొద్దుగూకాక నల్ల టార్పాలిన్ కప్పితే ఆ కుప్ప కనబడదు. మంచి లైటు లేకుండా నవంబర్‌లో చీకట్లో తొక్కొద్దు.

దారుల్లో నేను మళ్లీ మళ్లీ వెళ్లేది సాగర్ ఎడమ కాలువ గట్టు మీదికే. హాలియా నుంచి వేములపల్లి వైపు కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో ఒకపక్క నీళ్లు, ఒకపక్క వరి, ఎత్తుపల్లాలు దాదాపు లేవు. గట్టంతా మొరం, కొన్నిచోట్ల గుంతలు. 40 టైరు విలువ అక్కడే తెలుస్తుంది. వాడపల్లికి పోవాలంటే దామరచర్ల మీదుగా పెద్ద రోడ్డు ఎక్కక తప్పదు. సిమెంటు, కరెంటు ఫ్యాక్టరీల లారీలు తిరుగుతాయి, తెల్లవారకముందే బయల్దేరితే మేలు. అగస్త్యేశ్వరుడి గుడి దగ్గర సంగమం చూశాక, మూసీ నీళ్ల రంగు చూసి బాధపడటం మీ ఇష్టం. కొల్లాపూర్ నుంచి సోమశిల దారి చిన్నదే గానీ, శ్రీశైలం వెనక జలాలు నిండుగా ఉన్నప్పుడు చూడాలి. ఆ ప్రాజెక్టు ముంపు వల్లే అక్కడి పాత గుళ్లను ఎత్తు మీదికి మార్చి కట్టారు. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ మాత్రం వద్దు. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లనే ఆపేస్తారు. నెమ్మదిగా పోయే సైకిల్‌కు అక్కడ చీకటి పడితే దిక్కు లేదు.

సంచులు నేను మడతపెట్టి బిగించే వాటర్‌ప్రూఫ్ రకం వాడుతున్నాను. వానకన్నా దుమ్ము నుంచే ఎక్కువ కాపాడాయి. క్యారియర్‌కు తగిలించే ప్లాస్టిక్ కొక్కేలు అరిగి వదులయ్యాయి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి నెట్టుకొస్తున్నాను. వెనక చక్రం కొంచెం దూరంగా ఉండే ఫ్రేమ్ కాబట్టి తొక్కేటప్పుడు మడమ సంచికి తగలదు. ఇంకో మాట, ఒక సంచిలో ఎప్పుడూ కొంత ఖాళీ ఉంచుకోండి. తోట గట్టు మీద బండి ఆపి నిలబడితే "ఏం సారూ, సర్వేకొచ్చినవా?" అని అడుగుతారు. కాదని, ఊరికే తిరుగుతున్నానని చెబితే మొదట నమ్మరు, తర్వాత బత్తాయిలు ఇస్తారు. కత్తెర కాపు ధర బాగా పలికే రోజుల్లో కూడా డబ్బులు తీసుకోని రైతులను చూశాను. నాలుగు కిలోల బత్తాయి ఒకే సంచిలో వేస్తే బండి ఒరుగుతుంది, రెండు వైపులా సర్దుకోవాలి.

సీటు, పెడళ్లు, బెల్లు గురించి చెప్పడానికేమీ లేదు, పని చేస్తున్నాయి. బ్రేకు రబ్బర్లు వానాకాలంలో తొందరగా అరుగుతాయి, జత దగ్గర ఉంచుకోండి. బ్రేకు తీగ ఎక్కడైనా దొరుకుతుంది గానీ ఎనిమిది గేర్ల చైను మండల కేంద్రాల్లో దొరకదు. తిరిగి రావడానికి ఓపిక లేకపోతే ట్రాలీ ఆటో మాట్లాడుకోవడమే సుఖం.

నాకు ఇంకా తెగని సమస్య స్టాండు. ఒంటికాలి స్టాండు మెత్తటి మట్టిలో దిగబడి, సామానుతో సహా బండి పడిపోతోంది. రెండుకాళ్లది వేయిద్దామంటే వెనక పైపుల మధ్య దానికి చోటు చాలడం లేదు. చాచా మాత్రం ఒక ఇనుప పట్టీ వెల్డింగ్ చేసి బిగిస్తానంటున్నాడు. స్టీల్ ఫ్రేమే కదా, వద్దనడానికి నాకు కారణం దొరకడం లేదు.