పాత లారీకి కరెంటు అక్కర్లేని హీట్ మీటరు: కొనొచ్చా?

ఇంజిన్ వేడిని చూపే ఈ మీటరును వైరింగు దెబ్బతిని, ఎర్త్ (బండి బాడీ ద్వారా కరెంటు తిరిగి వెళ్లే దారి) నిలకడగా దొరకని పాత టాటా, లేలాండ్ బండ్లకు కొనొచ్చు. ఇంజిన్ నీళ్లలో ఉండే బల్బు (దీపం కాదు, ద్రవం నింపిన చిన్న లోహపు గొట్టం) వేడెక్కితే అందులోని ద్రవం ఆవిరై ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడే సన్నటి గొట్టం గుండా వెళ్లి ముల్లును కదుపుతుంది.

డబ్బు పెట్టేముందు కరెంటుతో నడిచే పాత మీటరును పరీక్షించండి. తాళం ఆన్ చేసి సెండర్ (ఇంజిన్ వేడిని పసిగట్టి మీటరుకు తెలిపే భాగం) వైరు ఊడదీస్తే ముల్లు కిందికి పడిపోవాలి. అదే వైరును ఒక్క క్షణం ఇంజిన్ బాడీకి తాకిస్తే పైకి లేవాలి. రెండూ జరిగితే మీటరు, వైరు బాగున్నట్టే, అనుమానం సెండర్ మీదే. కొత్త సెండర్ బిగించేటప్పుడు మరలకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టారంటే ఎర్త్ సరిగా అందదు, ముల్లు తక్కువ చూపిస్తుంది. 24 వోల్టుల మీటరుకు 12 వోల్టుల బండి సెండర్ తగిలించినా లెక్క తప్పుతుంది. డీజిల్ ముల్లు కూడా అప్పుడే తేడా చేస్తుంటే ముందు డాష్‌బోర్డు వెనక ఎర్త్ చూడండి.

ఇక కరెంటు అక్కర్లేని మీటరులో అసలు చిక్కు గొట్టమే. దాన్ని కత్తిరించలేం, అతికించలేం. తెగితే మీటరు మొత్తం పోయినట్టే. కాబట్టి గొట్టం వెళ్లే దారి వెంట తాడు పెట్టి కొలిచి, అంతకంటే కాస్త పొడవైనదే తీసుకోండి. మిగిలింది వెడల్పు చుట్టగా కట్టేయొచ్చు. క్యాబిన్‌లోకి దూరేచోట రబ్బరు గ్రోమెట్ (గొట్టం రేకుకు ఒరుసుకోకుండా కాపాడే వలయం) తప్పనిసరి. సైలెన్సర్ గొట్టానికి దూరంగా నడపాలి. నట్టు బిగించేటప్పుడు గొట్టం మెలి తిరగకూడదు. బల్బు అడాప్టర్ మర మీ ఇంజిన్ రంధ్రానికి సరిపోతుందో లేదో కొట్లోనే పాత సెండర్‌తో పోల్చి చూసుకోండి.

బిగించేముందు బల్బును మరిగే నీళ్లలో ముంచండి. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, 100 చూపలేదని వెనక్కి ఇవ్వక్కర్లేదు. 90 దగ్గరే ఆగిపోతే మాత్రం వద్దు.

ఒక లోపం దీనికీ ఉంది. నీళ్లు తగ్గి బల్బు గాలిలో తేలితే, ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు చల్లగానే ఉండొచ్చు. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడటం మానొద్దు. ఇంజిన్ హెడ్‌పై ప్లగ్ వేసిన (మూసేసిన) రంధ్రం ఇంకొకటి ఉంటే బల్బు అక్కడ పెట్టి, పాత సెండర్‌ను కూడా ఉంచేయండి.