వైరు ఇయర్‌ఫోనా, బడ్సా, స్పీకర్‌ఫోనా: మీటింగులో ఎకో రాకుండా ఏది మేలు?

మీ మాట మీకే తిరిగి వినపడుతోందంటే తప్పు సాధారణంగా మీ దగ్గర ఉండదు. అవతల ఎవరి స్పీకర్లోంచో వచ్చిన మీ గొంతు వాళ్ల మైకులోకే దూరి మళ్లీ మిమ్మల్ని చేరుతోంది. కాల్‌లో పదిమంది ఉండి, తొమ్మిదిమంది తమ గొంతు తమకే వస్తోందని మొత్తుకుంటుంటే, ఏ ఇబ్బందీ లేని ఆ పదో మనిషిని ముందు మ్యూట్ చేసి చూడండి. చాలాసార్లు ఎకో అక్కడితో ఆగిపోతుంది.

లాప్‌టాప్ స్పీకరు ఒక్కటే చాలదా? గదిలో మీరొక్కరే ఉంటే చాలావరకు సరిపోతుంది. జూమ్, మీట్, టీమ్స్ మూడూ ఎకోను తీసేస్తాయి. స్పీకరుకు ఏ శబ్దం పంపిందో యాప్‌కు తెలుసు కాబట్టి మైకులో అదే వినపడితే దాన్ని తీసేస్తుంది. సౌండు నిండా పెంచితే మాత్రం చిన్న స్పీకరు బద్దలైనట్టు మోగుతుంది. పంపిన శబ్దానికీ మైకులో పడినదానికీ పొంతన ఉండదు, కొంత ఎకో మిగిలిపోతుంది. టీవీకో బ్లూటూత్ స్పీకరుకో కలిపితే శబ్దం ఆలస్యంగా వస్తుంది, అప్పుడూ లెక్క తప్పవచ్చు. బెంగళూరు ఫ్లాట్లలో టైల్స్ నేల, ఖాళీ గోడల హాలుంటే శబ్దం తిరిగి తిరిగి వస్తుంది. పరుపూ కర్టెన్లూ ఉన్న పడకగది నయం. సౌండు సగానికి మించనివ్వకండి.

అసలు చిక్కు ఒకే గదిలో రెండు లాప్‌టాప్‌లతో. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఒకే టీములో పనిచేసే ఇద్దరు రూమ్మేట్లు ఒకే స్టాండప్‌లో (టీము రోజూ పెట్టుకునే చిన్న మీటింగులో) కూర్చుంటారు. ఒకరి గొంతు రెండోవారి స్పీకర్లోంచి క్షణం ఆలస్యంగా వచ్చి మొదటివారి మైకులో పడుతుంది. ఆ శబ్దం ఈ లాప్‌టాప్ వాయించింది కాదు కాబట్టి యాప్‌కు తీసేయడం చేతకాదు. ప్రతి చుట్టుకూ కాస్త పెరిగిందా, కీచుమని కూత. చాలామంది రెండో మైకును మ్యూట్ చేసి పనైపోయిందనుకుంటారు. కానీ దాని స్పీకరు మోగుతూనే ఉంటుంది, అది మొదటి మైకులో పడుతూనే ఉంటుంది. రెండో లాప్‌టాప్‌కు ఆడియోయే లేకుండా చేయాలి. జూమ్‌లో మైకు గుర్తు పక్క బాణం నొక్కి ‘లీవ్ కంప్యూటర్ ఆడియో’, మీట్‌లో చేరేటప్పుడే ‘కంపానియన్ మోడ్’, టీమ్స్‌లో ‘డోంట్ యూజ్ ఆడియో’. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే కూత రాదు గానీ ఒకరి గొంతు రెండు మైకుల్లోనూ పడి అవతలివాళ్లకు జంటగా వినిపిస్తుంది. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు మ్యూట్‌లో ఉండాల్సిందే.

ఒంటరిగా పనిచేసేవాళ్లకు మా ఓటు వైరు ఇయర్‌ఫోనుకే. శబ్దం చెవి దాటి బయటికి రాదు, ఛార్జింగ్ గొడవ లేదు. కొనేటప్పుడు ప్లగ్గు చూడండి: మూడు గీతలుంటే మైకు ఉన్నట్టు, రెండుంటే లేనట్టు. మరీ చవక రకంలో మైకుకూ స్పీకరుకూ ఉమ్మడిగా ఉండే సన్నటి తీగ వల్ల శబ్దం వైరులోనే మైకువైపు కారుతుంది. ఇయర్‌ఫోన్ల గుండ్లను దిండు కింద పెట్టాక కూడా అవతలివాళ్లకు ఎకో వస్తుంటే దోషం వైరుదే. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కొంటే కొట్టు దగ్గరే ఎవరికైనా కాల్ చేసి ఇది చూసుకోండి. మైకు చొక్కా కాలరుకో ఐడీ కార్డు తాడుకో రాసుకుంటే వచ్చే గరగర వేరే సంగతి, క్లిప్పు పెడితే పోతుంది. జాక్‌తో పేచీ ఉంటే యూఎస్‌బీ హెడ్‌సెట్ ఇంకా మంచిది.

బ్లూటూత్ బడ్స్ రెండో స్థానం. మామూలుగా ఎకో రాదు, కానీ చాలా బడ్స్‌లో మైకు తెరవగానే పాటల మోడ్ పోయి కాల్ మోడ్ వస్తుంది, గొంతు పాత ఫోనులోలా పల్చబడుతుంది. సెట్టింగ్స్‌లో స్పీకరుకు బడ్స్, మైకుకు లాప్‌టాప్ మైకు ఎంచుకుంటే స్పష్టత నిలుస్తుంది. మీటింగు మధ్యలో బడ్స్ ఛార్జింగ్ అయిపోతే శబ్దం లాప్‌టాప్ స్పీకరుకు దూకుతుంది. అప్పటిదాకా లేని ఎకో హఠాత్తుగా మొదలైతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ముగ్గురు నలుగురు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే స్పీకర్‌ఫోనుకు, అంటే మైకూ స్పీకరూ ఒకే డబ్బాలో ఉండే పరికరానికి, సాటి లేదు. దానిలో ఎకో తీసే ఏర్పాటు లోపలే ఉంటుంది. బల్ల మధ్యలో పెట్టండి, గోడ మూలకు చేర్చకండి. యాప్‌లో స్పీకరు, మైకు రెండింటికీ దాన్నే ఎంచుకోవాలి. మైకు లాప్‌టాప్‌దే ఉండిపోతే పెట్టిన డబ్బు దండగ.

ఊళ్లో అమ్మానాన్నలు ఫోను స్పీకర్లో పెట్టినప్పుడు ఎకో వినపడేది మీకు, విరుగుడు ఉన్నది వాళ్ల దగ్గర. “నాన్నా, సౌండు కొంచెం తగ్గించు” అంటే చాలు, మీ ఇయర్‌ఫోను మార్చి లాభం లేదు.

పిల్లల సంగీతం క్లాసు జూమ్‌లో అయితే ‘ఒరిజినల్ సౌండ్’ (శబ్దాన్ని సవరించకుండా ఉన్నదున్నట్టు పంపే సెట్టింగు) పెట్టమని టీచర్లు అంటుంటారు. దాని కింద ఎకో క్యాన్సిలేషన్ ఎంపిక విడిగా ఉంటుంది. టిక్కు తీసేసి ఉంటే ఎకోను ఆపేది ఏదీ లేదు కాబట్టి, ఆ గంటసేపు వైరు ఇయర్‌ఫోను తప్పనిసరి.