పిల్లలకి సెకండ్ హ్యాండ్ గో కార్ట్ కొనేవాళ్ళు ఇది చదివాకే డబ్బులు పంపండి

పాలకొల్లు నుంచి రాస్తున్నానండి. ఇంకా కోపం చల్లారలేదు, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. పిల్లల గో కార్ట్‌లు, అంటే నేలకి ఆనినట్టుండే నాలుగు చక్రాల చిన్న రేసు బండ్లు, అమ్ముతానని వీడియోలు పెడతాడు చూడండి హైదరాబాద్ ఆయన, పేరు రాయను గానీ ఇలాంటివి వెతికినవాళ్ళందరికీ ముందు తగిలేది ఆయనే, ఆయన దగ్గర మాత్రం దయచేసి కొనకండి.

మా పాపకి ఎనిమిదేళ్ళు. సెలవుల్లో మా పిన్ని వాళ్ళింటికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు అద్దె కార్ట్‌లు తిప్పింది, అక్కడ నేర్పే అబ్బాయే అన్నాడు మలుపుల దగ్గర భయపడకుండా లైన్ పట్టుకుంటోంది, మొదలెట్టించండి అని. రేసులు నేర్పే ట్రాక్ మాకు దగ్గర్లో లేదు, చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైకో కోయంబత్తూరుకో బెంగళూరుకో పోవాలి. సరే, ఆచంటలో మా అన్నయ్య వాళ్ళ రైస్ మిల్లు సిమెంటు కళ్ళం ఉంది కదా, చుట్టూ పాత లారీ టైర్లు పేర్చి స్టీరింగు, బ్రేకు అలవాటు చేయిద్దాం, సెలవులకి కోచింగ్‌కి పంపుదాం అనుకుని ఈ వీడియోల ఆయన్ని అడిగాం. 60 సీసీ టూ స్ట్రోక్ కేడెట్ కార్ట్, అంటే చిన్నపిల్లల సైజుది, పిల్లల ఫ్రేమే, రేసులాడిన బండి, హెల్మెట్ ఫ్రీ అన్నాడు. లక్షా ఎనభై వేలు. సగం ముందు, సగం బండి లారీ ఎక్కాక.

తాడేపల్లిగూడెం ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో దింపారు, ట్రక్కు ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాం. పట్టా విప్పగానే ఇంజన్ చూస్తే ఫోర్ స్ట్రోక్, మన చెరువుల దగ్గర నీళ్ళు తోడే పెట్రోల్ ఇంజన్ రకం. అద్దె కార్ట్‌లకి పెట్టేది అదే. పెడల్స్ మీద చెక్క ముక్కలు బోల్టులేసి బిగించి ఎర్ర రంగు కొట్టారు, పిల్ల కాళ్ళు అందాలని. సీటు పెద్దవాళ్ళది, లోపల స్పాంజి కుట్టిన కవరు తొడిగారు. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి టేపు పెడితే 104 సెంటీమీటర్లు వచ్చింది, కేడెట్ బండికి 95కి అటూ ఇటూగా ఉండాలి. అంటే ఎవరో అద్దెకి తిప్పి తిప్పి పక్కన పడేసిన పెద్దవాళ్ళ బండిని పిల్లల బండిలా తయారు చేసి మాకు అంటగట్టాడు.

ఇంతవరకైతే డబ్బుల గొడవే అనుకుందును. మా వీధిలో రొయ్యల చెరువుల ఏరియేటర్ల ఫ్రేములు వెల్డింగ్ చేసే ఆయన్ని పిలిచాం. ఆయన బండి పక్కకి లేపి సీటు కింద గొట్టం మీద వేలు రాసి, ఇక్కడ ఉబ్బుగా ఉందమ్మా అని గరుకు కాగితం పెట్టి రుద్దాడు. రంగు కింద లప్పం. లప్పం పొడిపొడిగా రాలిపోయాక కింద పగులు, పగులు మీద అడ్డదిడ్డంగా వెల్డింగు, దాని మీద చిన్న రేకు ముక్క. ఆ వెల్డింగు పక్కనే జుట్టులా సన్నగా ఇంకో పగులు మొదలైపోయింది. కార్ట్‌కి సస్పెన్షన్ ఉండదండి, మలుపులో ఆ గొట్టాలే వంగి మళ్ళీ సర్దుకోవాలి. ఒకచోట రేకు వేసి గట్టి చేసేస్తే ఆ వంపంతా దాని పక్కన పడి మళ్ళీ అక్కడే చీలుతుంది. రేసు కార్ట్‌లో సీటు బెల్టు కూడా ఉండదు, పిల్లని పట్టి ఉంచేది సీటొక్కటే, ఆ సీటు బిగించింది ఈ ఫ్రేముకే. పైగా యాక్సిలరేటర్ తొక్కి వదిలితే పెడల్ వెనక్కి రావట్లేదు, రిటర్న్ స్ప్రింగే లేదు! ఎనిమిదేళ్ళ పిల్ల కాలు తీసేసినా బండి దూసుకుపోతూనే ఉంటుంది.

ఫోటోలు తీసి పంపి ఫోన్ చేశాను, స్పీకర్‌లో పెట్టి. పాప పక్కనే ఉంది, పొద్దున్నించీ ఆ హెల్మెట్ వదల్లేదు. నేను మర్యాదగానే అడిగాను, ఏవండీ, వీల్‌బేస్ 104 ఉంది, ఫ్రేము పగిలింది, ఇది కేడెట్ ఎలా అవుతుంది అని. ఆయన ఏమన్నాడో తెలుసా? "మేడమ్, బండ్ల సంగతి మీకు అర్థం కాదు గానీ ఇంట్లో మగవాళ్ళుంటే ఫోనివ్వండి." మా ఆయన మస్కట్‌లో ఉంటారు, కొన్నది నేను, డబ్బు పంపింది నేను, నాతోనే మాట్లాడండి అన్నాను. దానికి నవ్వి, "ఆడపిల్లే కదండీ, నిజంగా రేసులకి పంపుతారా ఏంటి, గట్ల మీద తిప్పుకోటానికి ఇది చాల్దా" అన్నాడు.

డబ్బు తీసుకునేటప్పుడు ఈయనే కదా పాప ఛాంపియన్ అవుద్ది అన్నది! పాప ఏడవలేదు. హెల్మెట్ తీసి సీట్లో పెట్టేసి లోపలికెళ్ళిపోయింది. ఆ మాటకి నేను ఆయన్ని జన్మలో క్షమించను. అన్నట్టు ఆ ఫ్రీ హెల్మెట్ కూడా బైకు హెల్మెట్టే, ఐఎస్ఐ గుర్తు ఉన్నది. పిల్లల మెడకి బరువు పడకూడదని కార్టింగ్‌కి స్నెల్ అనే హెల్మెట్లు పరీక్షించే సంస్థ ముద్రతో సీఎంఆర్, సీఎంఎస్ అని తేలికవి వేరే ఉంటాయి, లోపల ఆ స్టిక్కర్ ఉంటుంది.

తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు, లాయర్ నోటీసు రాస్తున్నారు.

కొనేవాళ్ళు టేపు పట్టుకెళ్ళండి. సీటు విప్పించి కింద గొట్టాలన్నీ చూడండి, కొత్త రంగుంటే గీకించండి. వెనక చక్రాలు లేపి తిప్పితే యాక్సిల్ ఊగకూడదు. రోటాక్స్ (రేసు కార్ట్ ఇంజన్లు చేసే కంపెనీ) ఇంజన్ అని చెప్తే దాని మీద సీలు, ఆ సీలు నంబరున్న కార్డు రెండూ చూపించమనండి, అందులో చిన్నపిల్లలకిచ్చే మైక్రో మ్యాక్స్ రకం అయినా సరే. పిల్లని సీట్లో కూర్చోబెట్టి చూడకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.

నిన్న ఎవరిచేతో కబురు పెట్టాడు, బండి తిప్పి పంపితే నలభై వేలు ఇస్తాడంట. పంపను. పంపితే మళ్ళీ లప్పం పెట్టి రంగు కొట్టి ఇంకో ఇంటికి, ఇంకో పిల్లకి అమ్ముతాడు. ఫ్రేము మీద నంబరు, పగులు, పెడల్స్ అన్నీ ఫోటోలు తీసి పెట్టాను, ఈయన దగ్గర కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు పిల్లల్ని బండి ఎక్కించడం ఆపి, సీటు కింద చూసి నాకు మెసేజ్ పెట్టండి, కేసు కలిసి వేద్దాం.