తుక్కు కారు తీసుకెళ్లే సర్వీసు: పేపర్లు పక్కా, క్రేన్ దగ్గరే కోసేశారు

మా మావయ్య మారుతి 800 అక్కయ్యపాలెంలో మా సందు చివర మూడేళ్లుగా కదలకుండా పడుంది, ఆయనేమో హైదరాబాద్‌లో, అమ్మేద్దాం అంటే "ఉండనీరా, బాగు చేయిద్దాం" అంటాడు. వైజాగ్ ఉప్పుగాలి సంగతి తెలిసిందే కదా, డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపిస్తోంది, ఇంకేం బాగు చేయిస్తాం.

ఎవరో కంప్లైంట్ ఇస్తే ట్రాఫిక్ ఆయన వచ్చాడు. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ ప్లేస్‌లో బండి 10 గంటలు వదిలేస్తే చాలంట, పోలీసులు టోయింగ్ చేయించొచ్చు, ఆ ఖర్చు ఓనర్ నెత్తినే, ఫైన్ పడితే అది వేరే. 10 గంటలండీ, మాది మూడేళ్లు! పాపం మంచాయన, వారం టైమిచ్చాడు.

ముందు పాతినుము కొనేవాడిని పిలిచా. కేజీల్లెక్క కడతానన్నాడు, రసీదు అడిగితే "తుక్కుకి కాగితాలేటండీ" అని నవ్వాడు. అలా ఇచ్చేస్తే ఆర్‌సీ మావయ్య పేరు మీదే ఉండిపోతుంది, రేపు ఎవడైనా ఆ నంబర్ ఇంకో బండికి తగిలించుకుని తిరిగితే స్టేషన్ చుట్టూ తిరిగేది మావయ్యే. అందుకే 2021 స్క్రాపింగ్ రూల్స్ కింద రిజిస్టర్ అయిన సెంటర్‌కే ఇచ్చాం (పేరు రాయట్లేదు, క్రేన్ గొడవ ఇంకా తేలలేదు).

పేపర్ వర్క్ మాత్రం సూపర్. ఒరిజినల్ ఆర్‌సీ, పాన్, క్యాన్సిల్డ్ చెక్, మావయ్య సంతకంతో లెటర్ తీసుకున్నారు, దొంగబండి కాదని రికార్డుల్లో చూశారు, పాత చలానా ఒకటి బయటపడితే అది కట్టాకే కదిలారు. డబ్బులు మావయ్య అకౌంట్‌లో పడ్డాయి, సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (బండి తుక్కుకి అప్పగించినట్టు రుజువు కాగితం) కూడా ఇచ్చారు. అది జాగ్రత్తగా దాచుకోండి, కొత్త బండి కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీకి అదే అడుగుతారు.

పికప్ దగ్గరే దరిద్రం. పొద్దున్న 9కి అని సాయంత్రం 4కి వచ్చారు. బ్రేకులు పట్టేసి చక్రాలు తిరగట్లేదు, గొలుసేసి లాగితే సందంతా కీచుమని ఒకటే గోల, కింద కుక్క పిల్లల్ని పెట్టిందని లాగే ముందు మా పిల్లలే చెప్పారు, వాళ్లయితే వంగి చూడనే లేదు. చివర్లో చక్రాలు తిరగని బండికి క్రేన్ చార్జీ అంటూ 1500 కోసేశారు, బండి కదలదని నేను ఫోన్‌లో ముందే చెప్పినా అప్పుడు ఆ ముక్క అనలేదు. మీరైతే రేటు వాట్సాప్‌లో రాయించుకోండి.

5కి 3 ఇస్తున్నా. మావయ్యకి రేటింగూ వద్దు క్రేనూ వద్దు, వీడియో కాల్‌లో ఒకటే గొడవ, "డ్యాష్‌బోర్డ్ మీంచి సింహాద్రి అప్పన్న ఫొటో తీశావా లేదా?" తీశాను మావయ్యా.