బ్లాకా, టీ ఫర్ టూనా: చెన్నై ఉక్కపోతలో ఏ వెనీలా నిలుస్తుంది

టీ, వెనీలా కలిసిన తియ్యటి పెర్ఫ్యూమ్‌లలో చెన్నైలో ఏళ్ల తరబడి వాడి చెప్పగలిగినవి రెండు. ఒకటి బల్గారి బ్లాక్ (1998, ఆనిక్ మెనార్డో చేసింది). రెండోది లార్టిజాన్ పర్ఫ్యూమర్ వాళ్ల టీ ఫర్ టూ (2000, ఒలీవియా జియాకొబెట్టి). రెండిట్లోనూ టీ అంటే మన పాలటీ కాదు. పైన్ కట్టెల పొగ మీద ఆరబెట్టే చైనా టీ, లాప్సాంగ్ సూచాంగ్. ఆ పొగకీ వెనీలాకీ అంత బాగా కుదరడం ఊరికే కాదు. కట్టెపొగకి వాసననిచ్చే గ్వాయకాల్, వెనీలాలోని వెనిలిన్ రసాయనికంగా దగ్గరి చుట్టాలు.

కొట్టగానే రెండూ బాగుంటాయి, కాబట్టి షాపులో కాగితం మీద చూసి ఎంచుకోకండి. ఎండకి తేలిక వాసనలు తొందరగా ఎగిరిపోతాయి, వెనిలిన్ మాత్రం గంటల తరబడి ఒంటిని వదలదు. అంటే మన ఊళ్లో టీ ముందు పోతుంది. అది పోయాక ఏం మిగులుతుందన్నదే చూడాలి. బ్లాక్‌లో కొత్త రబ్బరు వాసన మిగిలి, వెనీలా తీపిని అదుపులో పెడుతుంది. టీ ఫర్ టూలో దాల్చినచెక్క, అల్లం, తేనె మిగులుతాయి. చెమటతో కలిస్తే ఆ తేనె జిగటగా, మొహం మొత్తేలా తయారవుతుంది.

అందుకే అగ్నినక్షత్రం రోజులకి (మే నెల మండుటెండలు), ఎలక్ట్రిక్ ట్రైన్ ప్రయాణాలకి బ్లాకే నయం. మార్గళిలో (మన ధనుర్మాసం) మైలాపూర్ సంగీత కచేరీలకి, ఏసీ ఆఫీసుకి టీ ఫర్ టూ హాయిగా ఉంటుంది, కాకపోతే మధ్యాహ్నానికే పలచబడుతుంది. ఒక్కటే కొనాలంటే నా ఓటు బ్లాక్‌కే. తలుపులు మూసిన క్యాబ్‌లో మాత్రం ఆ రబ్బరు పక్కవాళ్లకి ఇబ్బందిగా ఉండొచ్చు. అలాంటప్పుడు ఒక్క స్ప్రే చాలు.

మామూలుగా రెండు స్ప్రేలు, స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక: ఒకటి మెడ వెనక, ఒకటి ఛాతీ మీద చొక్కా లోపల. సెంటు పౌడర్ రాసుకున్న చోట వద్దు. తలలో మల్లెపూలు పెట్టుకున్న రోజు టీ ఫర్ టూ జోలికి పోకండి, రెండు తీపులూ కలిసి తలనొప్పి తెప్పిస్తాయి. వెనిలిన్ పసుపు మరక వేస్తుంది కాబట్టి తెల్ల బట్టల మీద అసలు కొట్టకండి. సీసా బాత్రూంలోనో కిటికీ దగ్గరో కాకుండా బీరువాలో పెట్టండి.

బ్లాక్ తయారీ ఆగిపోయింది, దొరికేదంతా పాత స్టాకే. గొట్టంలో నిలవున్నది పోయేలా రెండు స్ప్రేలు గాల్లోకి వదిలి, మూడోది చేతి మీద కొట్టి చూడండి. ఐదు నిమిషాలైనా నెయిల్ పాలిష్ లాంటి ఘాటు తగ్గకపోతే ఆ సీసా వద్దు. సీసా మీద డబ్బు పెట్టేముందు 5 మి.లీ. శాంపిల్ తీసుకోండి. ఒక స్ప్రేకి దాదాపు 0.1 మి.లీ. పడుతుంది కాబట్టి, రోజుకి రెండు చొప్పున మూడు వారాలు పైనే వస్తుంది. అందులో కొన్ని రోజులైనా మిట్టమధ్యాహ్నం బయట తిరిగి చూడండి.