నెల్లూరులో కాఫీకి వేళ చూసుకుని వెళ్లాలి

నెల్లూరులో మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే, ఎన్నింటికి తాగుతారని నేను ఎదురు అడుగుతాను. పొద్దున ఆరున్నరకి ఇంకో గ్లాసు చెప్పాలనిపించిన హోటల్లోనే, పదకొండింటికి వెళ్తే సగం తాగి వదిలేయాల్సిన కాఫీ ఇస్తారు. మాస్టరు అతనే, పొడి అదే, పాలు అవే. డికాషన్ దిగి ఎంతసేపయిందన్నదే తేడా.

నేను ఇన్సూరెన్స్ ఏజెంటుని. స్కూటీ తీస్తే వేదాయపాళెం నుంచి స్టోన్‌హౌస్‌పేట దాకా తిరుగుడే. పాలసీ కట్టకపోయినా కాఫీ ఇవ్వకుండా పంపని ఊరు మాది. ఇళ్లల్లో ఇచ్చే కాఫీకి వంకలు పెట్టకూడదు కాబట్టి, డబ్బులిచ్చి తాగేవాటి గురించే రాస్తున్నాను. ఇంకో సంగతి. కాఫీ ఎంత బాగున్నా సరే, సిగరెట్ పొగలో మగవాళ్ల మధ్య ఇరుక్కుని తాగాల్సిన బంకులు నా లిస్టులో లేవు. మా ఆఫీసులో మగవాళ్లు చెప్పే లిస్టుల్లో సగం అవే. పేర్లకన్నా సెంటరు చెప్తేనే నెల్లూరులో దారి తెలుస్తుంది, అందుకని అలాగే చెప్తున్నాను.

ముందు ట్రంకు రోడ్డు. గాంధీబొమ్మ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత టిఫిన్ హోటలుంది. కౌంటరు పక్కనే గోడ వారగా మూరెడు ఎత్తు ఇత్తడి ఫిల్టరు, కింది గిన్నెకి చిన్న కుళాయి. పై గిన్నెలో పొడి వేసి, చిల్లుల బిళ్లతో అదిమి, మరిగే నీళ్లు పోసి మూత పెడతారు. ఇక ఎవరు తొందరపెట్టినా లాభం లేదు, దాని పాటికి అది దిగాల్సిందే. ఇంట్లో చిన్న ఫిల్టరుకే పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. మొదట దిగింది చిక్కగా, వాసనతో ఉంటుంది. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే రెండోది దిగుతుంది. దానికి రంగు ఉంటుంది కానీ ఆ వాసన ఉండదు. టిఫిన్ల రద్దీ మొదలయ్యాక మొదటిదాన్లో రెండోది కలిపి నెట్టుకొస్తారు. నేను చూసినంతలో ఈ పని చేయని హోటలు లేదు. అందుకే పొద్దున ఏడున్నర లోపల, లేదంటే సాయంత్రం నాలుగు దాటాక కొత్త ఫిల్టరు పెట్టినప్పుడు వెళ్లాలి.

ఈ హోటలు నాకు నచ్చింది కాఫీ ఒక్కదాని వల్లే కాదు. ఒకరోజు ఎండలో తిరిగి తిరిగి పదిన్నరకి వెళ్లి టోకెన్ ఇస్తే, మాస్టరు దాన్ని వెనక్కి నెట్టాడు. "ఇప్పుడొద్దక్కా, ఇది అడుగుది. కొత్తది దిగతా ఉంది, పది నిమిషాలు కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. చేతికొచ్చిన బేరాన్ని ఆపి నిజం చెప్పే మాస్టరు ఉంటే ఆ హోటలుకి ఐదు స్టార్లూ వేయొచ్చు.

అతను కలిపే తీరు కూడా చూడాలి. గ్లాసులో ముందు చక్కెర, దాని మీద డికాషన్. ఆ వేడికి చక్కెర కరగడం మొదలయ్యాక పాలు. తర్వాత రెండే రెండుసార్లు ఎత్తి పోస్తాడు. కొన్నిచోట్ల నురగ కోసం బారెడు ఎత్తు నుంచి పదిసార్లు తిరగబోసి, చల్లారిపోయిన కాఫీ చేతిలో పెడతారు. వీడియోలు తీసుకునేవాళ్లకి బాగుంటుందేమో గానీ తాగేవాళ్లకి కాదు. 'చక్కెర తక్కువ' అంటే ఇతనికి నిజంగానే తక్కువ. ఒకటే లోటు, గ్లాసు కింద పెట్టే డబరా గిన్నె అడిగితే తప్ప ఇవ్వరు. ఉత్త గ్లాసు చేతిలో పెడితే వేళ్లు కాలుతాయి.

పాల గురించి కూడా చెప్పాలి. ఫుల్‌క్రీమ్ ప్యాకెట్టులో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3 శాతం. హోటలువాడు ఏ ప్యాకెట్టు కోశాడో గ్లాసు ఖాళీ అయ్యాక అంచు చూస్తే తెలుస్తుంది. గంటల తరబడి సన్నమంట మీద కాగిన పాలకి కోవా వాసన వస్తుంది. కొందరికి అదే ఇష్టం. నాకైతే కాఫీ తాగుతున్నట్టు ఉండదు. అన్నట్టు, ఇక్కడ కారం దోసె బాగుంటుంది గానీ అది తిన్న నోటితో కాఫీ బాగుందనో బాగాలేదనో తేల్చకండి. ముందు కాఫీ, తర్వాత దోసె. సర్వర్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పొగతోట ఆస్పత్రుల సందులో ఒక తోపుడుబండి ఉంది. కాఫీ మరీ గొప్పగా ఉండదు, పేపరు కప్పులో ఇస్తారు. కానీ మధ్యాహ్నం రెండు, మూడు మధ్య పెద్ద హోటళ్లలో పాత డికాషనే ఉంటే, ఇక్కడ అప్పటికప్పుడు దిగింది దొరుకుతుంది. పేషెంట్ల కోసం వచ్చినవాళ్లు ఫ్లాస్కులు పట్టుకుని నిలబడతారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఒంటరిగా నిలబడి తాగినా ఎవరూ తలెత్తి చూడరు. నాలాంటి వాళ్లకి అది చిన్న విషయం కాదు.

ఇక నా అసలు ఇష్టం చిన్నబజారులో కాఫీపొడి కొట్టు. ఇక్కడ కాఫీ తాగడానికి ఉండదు, పొడి కొనుక్కోవడమే. మిషను తిరుగుతుంటే వాసన సందు మొదట్లోనే తగులుతుంది. గింజలు డబ్బాల్లో కనపడేట్టు పెడతారు. పీబెర్రీ అంటే కాయలో రెండు గింజలకి బదులు ఒక్కటే గుండ్రంగా ఊరినది. ప్లాంటేషన్-ఏ అంటే కడిగి ఆరబెట్టిన అరబికా రకం కాఫీలో పెద్ద గింజ. రెండూ సగం సగం వేయించుకుంటాను. కొట్టాయన ప్రతిసారీ అడిగేది ఒకటే, "చికోరీ ఎంతమ్మా?" నాది ఎనభై పాళ్లు కాఫీకి ఇరవై చికోరీ. మా అత్తగారికి అరవైకి నలభై ఉండాలి, లేకపోతే "ఏందే ఈ నీళ్లు" అంటుంది. చెన్నై మైలాపూరులో కొన్న ఫిల్టరు ఆమెది, ఇంట్లో ఆ గిన్నె జోలికి ఎవరం వెళ్లం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పెళ్లి చీరలకీ, పెద్ద డాక్టర్లకీ ఇప్పటికీ చెన్నై రైలే ఎక్కుతాం. కాఫీ అలవాటు కూడా అటు నుంచే వచ్చిందని ఆమె గట్టి నమ్మకం. ఒంగోలులో మా ఆడపడుచు ఇంట్లో అందరూ టీనే తాగుతారు. అక్కడికి వెళ్తే మా అత్తగారు బ్యాగులో పొడి పొట్లం పెట్టుకునే బయల్దేరుతుంది.

చికోరీ అంటే కల్తీ అనుకునేవాళ్లున్నారు. అది ఒక మొక్క వేరు. వేయించి పొడి కొడతారు, కెఫీన్ ఉండదు. మన దేశంలో ఎక్కువగా గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తారు. డికాషన్‌కి చిక్కదనం, నలుపు దాని వల్లే వస్తాయి. ప్యాకెట్టు మీద ఎంత కలిపారో రాయాలి, కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. షాపులో ప్యాకెట్టు కొనేటప్పుడు ధర చూసినట్టే ఆ అంకె కూడా చూడండి. కొన్నిట్లో కాఫీకి, చికోరీకి తేడా రెండు శాతమే. పొడి కొట్టులో మాత్రం మన కళ్లముందే తూచి కలుపుతారు. వంద గ్రాములే తీసుకోండి, పది రోజుల్లో అయిపోవాలి. అరకిలో కొని డబ్బాలో పోస్తే చివరికి మిగిలేది రంగే.

గింజల ధర 2024 నుంచి బాగా మండింది. బ్రెజిల్‌లో, వియత్నాంలో వానలు పడకపోతే చిన్నబజారులో పొడి ధర పెరుగుతుందని పదో తరగతిలో ఎవరైనా చెప్పుంటే నేను సోషల్ బాగా చదివేదాన్ని. హోటళ్లలో మాత్రం చాలాచోట్ల కాఫీ ధర అంతగా పెరగలేదు. మరి ఆ నష్టం ఎక్కడ సర్దుకుంటున్నారు? చికోరీలో అని నా అనుమానం. ఈమధ్య కొన్ని హోటళ్ల కాఫీ మునుపటికన్నా నల్లగా, చేదుగా ఉంటోంది. చేదుని స్ట్రాంగ్ అనుకుని మురిసిపోయేవాళ్లు ఉన్నంతకాలం వాళ్లకి టెన్షన్ లేదు.

ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'ఫిల్టర్ కాఫీ' అని రాసి, లోపల ఇన్‌స్టంట్ పొడి పాలల్లో కలిపి ఇచ్చిన హోటలు ఒకటి. కౌంటరు అవతల చెంచా గలగల వినపడగానే అనుమానమొచ్చింది. డికాషన్ కాఫీ అయితే గ్లాసు అడుగున సన్నటి మడ్డి కొంచెమైనా మిగులుతుంది, ఇందులో చుక్క లేదు. అడిగితే "రెండూ కాఫీనే కదా మేడం" అన్నాడు. ఇన్‌స్టంట్ అని చెప్పి అమ్మితే నాకేం అభ్యంతరం లేదు, వానాకాలం సాయంత్రం నేనూ తాగుతాను.

మాగుంట లేఅవుట్ వైపు ఏసీ కేఫ్‌లు వచ్చాయి. కాపుచినో మీద ఆకు బొమ్మ వేసి ఇస్తారు, ఆ ఒక్క కప్పు డబ్బులతో ట్రంకు రోడ్డులో నలుగురం తాగొచ్చు. అయినా తిట్టను. కస్టమరుతో ఫారాలు నింపించాలన్నా, ఎండలో గంటసేపు కూర్చోవాలన్నా అంతకన్నా మంచి చోటు లేదు, బాత్రూము శుభ్రంగా ఉంటుంది. అక్కడ పాల కాఫీలు వదిలేసి అరకు గింజలతో చేసే బ్లాక్ కాఫీ చెప్పండి. అరకు అరబికాకి 2019లో జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది. చికోరీ లేని కాఫీ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మన ఊళ్లో అదొక మంచి దారి. మొదటి గుక్కకి పుల్లగా అనిపిస్తుంది, పాడైపోలేదు, దాని రుచే అంత.

చెన్నై హైవే మీద ఇత్తడి డబరాలు వరసగా పేర్చిన కుంభకోణం డిగ్రీ కాఫీ కొట్లు ఎక్కువయ్యాయి. డబరా తళతళలాడుతుంది, చక్కెర అడక్కుండానే దండిగా పడుతుంది. కారులో పోయేవాళ్లు నిద్ర రాకుండా తాగడానికి పర్వాలేదు.

మూలాపేటలో ఈమధ్య ఒక కొత్త కొట్టు తెరిచారు, భార్యాభర్తలు నడుపుతున్నారు. నలుగురు పట్టే బెంచీ, స్టీలు గ్లాసు, అడక్కుండానే డబరా. సిగరెట్లు అమ్మరు. సాయంత్రం ఐదింటి కాఫీకి నాలుగు స్టార్లు. పొద్దుటిది ఇంకా తాగలేదు, తాగాక ఐదోది సంగతి చూద్దాం.